చేతరలో పీపా తెరిచిన రోజు

సలెర్నో, ఇటలీ,
డిసెంబర్ 15.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. ఇంతకాలం జవాబు రాయనందుకు నన్ను మన్నించు. నేను కులాసాగానే ఉన్నాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది, ఒప్పందాన్ని వచ్చే వేసవి చివరివరకు పొడిగించారు, చలి మన అరకు చలిని మించినది కాదు గాని సముద్రపు గాలి మాత్రం ఎముకలను కొరుకుతోంది. తమ్ముడి పెళ్లి ఫొటోలు చూశాను. వెనుక వరుసలో తలపాగాతో నిలబడినది మన కలెక్టరుగారేనా? ఆయనే అయితే వెంటనే రాయి, ఈ చలికాలమంతా నాకు ఆ నవ్వు చాలు. మిగిలిన కబుర్లు తరువాత రాస్తాను. ఇప్పుడు చెప్పవలసినది ఒక్కటే ఉంది, అది చెప్పేవరకు నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

నిన్న చేతర అనే ఊళ్లో నెత్తళ్ల పీపా ఒకటి తెరుస్తుండగా పక్కనే నిలబడి చూశాను. ఈ ఉత్తరాన్ని నువ్వు గబగబా చదివి జేబులో పెట్టుకోవద్దు. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకొని, నిదానంగా, పెద్దగా చదివి వినిపించు. నిజానికి ఇది ఆమెకు రాస్తున్న ఉత్తరమే అనుకో.

ముందు ఊరి సంగతి చెప్పాలి. సలెర్నో నుంచి అమాల్ఫి వెళ్లే బస్సు, పింగాణీ పనికి పేరుపడిన వియెత్రి దాటగానే కొండను తొలిచి వేసిన సన్నని దారిలో పడుతుంది. ఒక వైపు రాయి, మరొక వైపు చాలా లోతున సముద్రం, ప్రతి మలుపు దగ్గరా డ్రైవరు హారను మోగిస్తూనే ఉంటాడు. ఈ తీరమంతటినీ 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కనుక వేసవిలో ఈ బస్సులలో నిలబడడానికైనా చోటు దొరకదు. అయితే ఆ జనమంతా అమాల్ఫికీ పొసితానోకూ వెళ్లేవారు. నడుమ చేతరలో దిగేవారు తక్కువ. రెండు వేల మంది ఉండే ఊరు అది. చిన్న ఇసుకతీరం, పడవలరేవు, రంగు పెంకుల గుమ్మటంతో పేతురు పేరిట ఒక చర్చి, నీటి ఒడ్డునే ఒక పాత కావలి బురుజు ఉన్నాయి. 1534లో తురుష్కుల నౌకలు ఈ ఊరిమీద దాడి చేసి జనాన్ని బానిసలుగా పట్టుకుపోయాయి. ఆ సంగతిని ఇక్కడి ముసలివారు తమ తాతల కాలంలో జరిగినట్టుగానే చెబుతారు. ఊరి వెనుక కొండంతా మెట్లుమెట్లుగా నిమ్మతోటలు. సున్నం పెట్టకుండా పేర్చిన రాతిగోడల మధ్య చెస్ట్‌నట్ గుంజలతో పందిళ్లు వేసి, వాటి కింద అరచేతికి నిండుగా వచ్చే పొడుగాటి నిమ్మకాయలను పండిస్తారు. ఆ చెస్ట్‌నట్ కర్ర సంగతి గుర్తుపెట్టుకో, పీపాల దగ్గర దానితో మనకు మళ్లీ పని ఉంది.

మా ఇంటి యజమానురాలి పుట్టిల్లు చేతర. ఆమె అన్నగారు పడవ నడిపిన మనిషి. ఇప్పుడు వయసు మీదపడి రేవుకు వెళ్లడం మానేశారు గాని చేపలను ఉప్పులో ఊరబెట్టే పని మాత్రం వదలలేదు. మా ఊరు భీమిలి అని, మా తీరంలోనూ నెత్తళ్లు పడతాయని ఒకసారి మాటల్లో చెప్పాను. ఆ మాట పట్టుకొని ఆమె మే నెలలో నన్ను వెంటబెట్టుకొని తీసుకువెళ్లింది. ఇక్కడ నెత్తళ్ల కాలం సంప్రదాయంగా మార్చి 25న, అంటే దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగనాడు మొదలై, జూలై 22న మగ్దలేనా మరియ పండుగతో ముగుస్తుంది. మనవైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, సరిగ్గా అప్పుడే వీరి పడవలు రాత్రంతా నీటిమీద ఉంటాయి. వెన్నెల లేని రాత్రులే వీరికి కావాలి. పడవమీద పెద్ద దీపం వెలిగిస్తే ఆ వెలుగు కిందికి చేపల గుంపు చేరుతుంది, అప్పుడు చుట్టూ వల దించి అడుగును తాడుతో బిగిస్తారు. అవును, మన రింగు వల వంటిదే. ఆ మాట ఎత్తితే మన తీరంలో ఎన్ని తగవులు మొదలవుతాయో నీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ మాత్రం పున్నమి దగ్గరపడితే పడవలు రేవులోనే ఉండిపోతాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటారు.

ఆ రోజు తెల్లవారుతుండగా చేపలు ఇంటికి వచ్చాయి. పిన్నీ, ఇక్కడినుంచి మీరు బాగా వినండి. పెద్దాయన భార్య, అంటే మా యజమానురాలి వదినగారు, పొట్టి పీట వేసుకొని కూర్చొని ఒక్కొక్క నెత్తల్లిని ఎడమచేతిలోకి తీసుకుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చేప మెడ దగ్గర ఆనించి చిన్నగా నొక్కి, వెనక్కి లాగింది. తల, దానితోపాటు పేగులు, ఒక్క లాగులో వచ్చేశాయి. కత్తి లేదు, కత్తిపీట లేదు. బొటనవేలి గోరు పక్కన చర్మం ఉప్పుకు ఒరుసుకుపోయి, తెల్లగా, గట్టిగా ఉంది. ఆ వేలిని నేను ముందే ఎరుగుదును. మీ వీధి అరుగుమీద కూర్చొని మీరు చేపలు బాగుచేస్తున్నప్పుడు మేమిద్దరం ఎన్నిసార్లు చూశామో! ఆ చెయ్యి కదిలే తీరు చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆమె ఇదేమిటన్నట్టు చూస్తే, మా ఊళ్లో పిన్ని కూడా ఇలాగే చేస్తుందని చెప్పాను. ఆమెకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆ పిన్నికి చేతులు మంట పుట్టినప్పుడు ఏం రాసుకుంటుందని అడిగింది. నాకు తెలియదన్నాను. తాను మాత్రం పని ముగియగానే నిమ్మతొక్క లోపలివైపుతో వేళ్లన్నీ రుద్దుకుంటానని చెప్పి, చేసి చూపించింది. మీరు ఏం రాసుకుంటారో తప్పకుండా రాయించండి, ఆమెకు చెప్పాలి.

తలలు తీసిన చేపలను ముందు ఒక తొట్టిలో ఉప్పు చల్లి వదిలిపెట్టారు. మర్నాడు పీపాలోకి ఎత్తారు. ఈ పీపాను తెర్జిన్యో అంటారు. మామూలు పీపాలో మూడోవంతు ఉంటుంది, చెస్ట్‌నట్ చెక్కతో చేస్తారు. కొండమీద నిమ్మపందిరికి గుంజగా నిలబడిన చెట్టే కింద చేపలకు ఇల్లయింది. అడుగున సముద్రపు ఉప్పు పరిచి, దానిమీద చేపలను తల తీసిన వైపు ఒకటి, తోక వైపు ఒకటి ఆనేటట్టు దగ్గరదగ్గరగా పేర్చి, మళ్లీ ఉప్పు, మళ్లీ చేపలు, ఇలా పైదాకా నింపుతారు. నాచేత కూడా ఒక వరుస పేర్పించారు. వదినగారు నా మణికట్టు పట్టుకొని చేపకూ చేపకూ మధ్య ఎంత ఎడం ఉండాలో చూపింది, ఆ ఎడం ఒక గడ్డిపరక పట్టేటంత మాత్రమే. పైన గుండ్రని చెక్కమూత వేసి, దానిమీద సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చిన గుండ్రాళ్లు పెట్టారు. బరువుకు చేపలలోని నీరు పైకి ఊరి వస్తుంది. ఆ ఊటను తీసి పారబోయరు. సీసాలలో పోసి ఎండలో పెడతారు. ఎండకు నీరు తగ్గి చిక్కబడుతుంది. రోజులు గడిచే కొద్దీ రాళ్ల బరువు తగ్గిస్తూ వస్తారు. ఎప్పుడు ఏ రాయి తియ్యాలో పెద్దాయన ఒక్కడే నిర్ణయిస్తాడు. కొడుకు అడిగినా మాటలతో చెప్పడు, మూత మీద అరచెయ్యి ఆనించి చూడమంటాడట.

దీనినుంచి వచ్చే ద్రవాన్ని కొలతూరా అంటారు. 2020లో దీనికి ఐరోపా సమాఖ్య వారి మూలస్థాన గుర్తింపు లభించింది. ఆ నిబంధనల ప్రకారం చేప పీపాలో కనీసం 9 నెలలు మాగాలి. పెద్దాయన అంతకంటె ఎక్కువ కాలమే ఉంచుతారు. అందువల్ల నిన్న తెరిచినది నేను పేర్చిన పీపా కాదు, గత సంవత్సరం వసంతంలో నింపినది. నా చేతి వరుస ఉన్న పీపా ఇంకా ఆ చీకటి గదిలోనే ఉంది. దానిని తెరిచే రోజుకు నేను ఇక్కడ ఉంటానో లేదో. ఒప్పందం పొడిగించారన్న కబురు విన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చినది జీతం కాదు, ఆ పీపా. సరే, అది తలుచుకుంటే మనసు ఎటో పోతుంది. నిన్నటి సంగతికి వస్తాను.

చర్చి వెనుక సందులో, రాతిగోడల గది. కిటికీ లేదు. వరుసగా పీపాలు, ఒక్కొక్క దానిమీద సుద్దతో గీతలు. ఉప్పూ, తడిచెక్కా, చేపా కలిసిన వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. పెద్దాయన మంచి చొక్కా వేసుకొని, గడ్డం గీసుకొని వచ్చారు. కొడుకు, కోడలు, బడికి సెలవు పెట్టించుకున్న మనవరాలు, మా యజమానురాలు, నేను. మూతమీది రాళ్లను ఒక్కొక్కటే తీసి, తీసిన వరుసలోనే గోడ పక్కన పెట్టారు. ఆపైన ఎండలో చిక్కబడిన పాత ఊటను చేపల మీద మెల్లగా పోశారు. అది వరుసలన్నిటిగుండా దిగుతూ చేపల సారాన్ని తీసుకొని అడుగుకు చేరాలి. అడుగున బెజ్జం పెట్టడానికి వ్రియాలే అనే పనిముట్టు ఉంది, మన బరమా వంటిది. ఆయన ముసలి మోకాళ్లమీద కూర్చొని దానిని తిప్పడం మొదలుపెట్టారు. చెక్క పొడి రాలింది. పనిముట్టు బయటికి తీశారు. ఏమీ రాలేదు.

ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు మాత్రం గాజుపాత్రను రెండు చేతులతో పట్టుకొని బెజ్జం కిందనే చూస్తూ కూర్చుంది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. బయట ఎవరో స్కూటరు ఆపి పలకరించినా ఎవరూ బదులు పలకలేదు. బెజ్జం అంచున చెక్క తడిసి నల్లబడింది. ఆ నలుపులో ఒక మెరుపు కనబడింది, అది ఉబ్బింది, ఆగింది, ఇంకా ఉబ్బింది, అప్పుడు పాత్రలోకి జారింది. రాగిఛాయలో, అవతలివైపు కనబడేటంత తేటగా ఉంది. పిల్ల కేక పెట్టింది. పెద్దాయన ఆమెను కేకవేయవద్దని మందలించి, తానే కళ్లు తుడుచుకున్నారు. రెండో బొట్టు రావడానికి మళ్లీ అంతసేపు పట్టింది. ఆ తరువాత బొట్టు వెంట బొట్టు. అదంతా గుడ్డలో వడగట్టి సీసాలకు ఎత్తడానికి రోజులు పడుతుంది, తొందరపెట్టే ఉపాయమేదీ లేదు, ఉన్నా వీరికి అక్కరలేదు.

నా ఎడమచేతి వెనుకవైపు ఒక బొట్టు వేసి నాకమన్నారు. మొదట ఉప్పు కొట్టింది. వెంటనే చేప రుచి వచ్చింది, నీచు లేదు. అది కూడా పోయాక నాలుక వెనుకభాగంలో ఒక తియ్యదనం నిలిచిపోయింది. ఉప్పునెత్తళ్లతో వంకాయ వండి దించిన తరువాత గిన్నె అడుగున మిగిలే చిక్కటి రసం ఉంటుంది చూడు, దానికోసం మనం కొట్టుకునేవాళ్లం, దాని రుచి.

మధ్యాహ్నం భోజనం వారింట్లోనే. నిజానికి దీనిని క్రిస్మస్ ముందురోజు రాత్రి, మాంసం ముట్టని ఆ పూట తినడం ఆచారం. దూరం నుంచి వచ్చిన వ్యక్తి ఉన్నాడని నిన్ననే వండారు. వంట చూస్తే ఆశ్చర్యపోతావు, ఎందుకంటే వంటే లేదు. స్పగెట్టి ఉడికించే నీటిలో చిటికెడు ఉప్పు కూడా వెయ్యరు. ఒక వెడల్పు గిన్నెలో ఆలివ్ నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, తరిగిన పార్స్లీ ఆకు, ఎండుమిరప ముక్కలు వేసి, మనిషికి ఒక పెద్ద చెంచా చొప్పున కొలతూరా పోసి కలుపుతారు. దానిని పొయ్యిమీద పెట్టరు. వేడివేడి స్పగెట్టిని అందులో వేసి గిలకొట్టగానే భోజనం సిద్ధం. వడ్డించేటప్పుడు పెద్దాయన తన పళ్లెంలోకి ముందు వేసుకోలేదు. కోడలికి, మనవరాలికి, నాకు వేసి, మేము తింటుంటే మా ముఖాలు చూస్తూ కూర్చున్నారు. ఎవరింట్లో తిన్నా మారు అడగాలన్న నీ మూడో సూత్రం ప్రకారం నేను మారు అడిగాను. సూత్రం ఇటలీలోనూ పనిచేస్తుంది.

చేపను ఇలా కరిగించి తినడం ఈ తీరానికి కొత్త కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేయి ఇక్కడికి దగ్గరే. అక్కడ గారుం అనే చేపద్రవాన్ని అమ్మి ధనవంతుడైన ఔలుస్ ఉంబ్రిసియుస్ స్కౌరుస్ అనే వ్యాపారి తన ఇంటి నేలమీద గారుం జాడీల బొమ్మలనే చిన్నచిన్న రాతిముక్కలతో పొదిగించుకున్నాడు. గారుంలో పేగులు కూడా వేసేవారు, కొలతూరాకు తీసివేస్తారు, తేడా అక్కడ ఉంది. రోమనుల తరువాత మరుగునపడిన విద్యను మధ్యయుగాలలో ఈ కొండలమీది మఠాల సన్యాసులు మళ్లీ కనిపెట్టారని, చేపలు ఊరబెట్టిన పీపాల చెక్కల సందులనుంచి కారిన ద్రవాన్ని రుచి చూసినవారు వారేనని చేతరవారు చెప్పుకొంటారు. ఆ జాడీల బొమ్మల గురించి ఇంకా చాలా రాయాలి, మన లైబ్రరీ మాస్టారికి చెబితే… ఇప్పుడు వద్దు.

తిరుగు బస్సులో మాత్రం నాకు దుఃఖం వచ్చింది. చేతర నెత్తల్లి, మన నెత్తల్లి దగ్గరి చుట్టాలే. అదే ఉప్పు, అదే బొటనవేలు. వారి సీసా అరచేతిలో ఇమిడిపోతుంది గాని దాని ధరకు పిన్ని ఎన్ని తట్టలు మొయ్యాలో నేను లెక్కవేయడం మొదలుపెట్టి ఆపేశాను. మనవద్ద ఇసుకలో ఎండిన చిన్నచేపలో ఎంతో కొంత కోళ్లదాణాకు పోతూ ఉంటే, ఇక్కడ దాని చుట్టమైన చేపకు ఊరిపేరుతో, నిబంధనలతో, ముద్రతో గౌరవం ఉంది. పిన్ని చేతిలో విద్య తక్కువేమీ కాదు. ఉప్పు ఎంత పట్టాలో, ఏ గాలి వీస్తే చేప చెడుతుందో, వాన రాబోయే ముందు ఇసుకమీదినుంచి ఎప్పుడు ఎత్తాలో ఆమెకు తెలిసినట్టు మన ఊళ్లో ఎందరికి తెలుసు? ఆ విద్యను ఎవరైనా రాసి పెట్టారా? పెద్దాయన మనవరాలు గాజుపాత్ర పట్టుకొని కూర్చున్నట్టు మన ఇళ్లలో పిల్లలు ఎవరైనా… నీకు కోపం రావచ్చు, ఊరు వదిలి వచ్చినవారికి ఇలాంటి మాటలు సులభమని నువ్వు అనవచ్చు. అను, వింటాను. కాని నువ్వైనా ఒక పుస్తకం తీసుకొని, పిన్ని చెబుతుంటే రాసి పెట్టు. ఇది నా మనఃపూర్వకమైన కోరిక.

పెద్దాయన పిన్నికోసం ఒక చిన్న సీసా ఇచ్చారు, పోయిన సంవత్సరపుది. మా ఆఫీసులో పనిచేసే తెలుగువారొకరు సంక్రాంతికి హైదరాబాదు వస్తున్నారు, ఆయన చేత పంపుతున్నాను. సీసాలోదాన్ని మరిగించవద్దు, కూరలో వేసి ఉడికించవద్దు. రాత్రి నేను ఇంట్లో వేడి అన్నంలో నువ్వులనూనె, పచ్చి వెల్లుల్లి, ఒక ఎండుమిరపకాయ నలిపి, దీన్ని చెంచాకు కొంచెం తక్కువగా వేసి కలుపుకొని తిన్నాను. అద్భుతంగా ఉంది. ఉప్పు మాత్రం వేరే వెయ్యకూడదు. పిన్ని ముందు అన్నంతో తిని, తరువాత తన పద్ధతిలో ఏమైనా చేసి చూసి, ఏమనిపించిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పాలి. పెద్దాయన మరీమరీ అడిగినది అదే.

ఇక్కడి తపాలా కార్యాలయం ఒంటిగంటన్నరకే మూసేస్తారు, ఇప్పటికే ఒంటిగంట దాటింది. మే నెలలో రేవు దగ్గర జరిగిన ఇంకొక సంగతి, ఆ పిల్లి సంగతి, రాయలేకపోయాను. నాన్నగారి కంటి ఆపరేషను ఎప్పుడో రాయి. పిన్ని చేతులకు ఏం రాసుకుంటుందో అడగడం మరిచిపోవద్దు, వదినగారు ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతున్నారు.

నీ
మిత్రుడు